బెంగ్‌బు ఫామ్ ఒక్కో చోట ఒక్కోలా ఎందుకుంది, ఏది సరైనది?

అడిగిన ప్రశ్న ఇది: "హైదరాబాద్‌లో మూడేళ్లుగా సెవెన్ స్టార్ ప్రేయింగ్ మాంటిస్ కుంగ్‌ఫూ నేర్చుకుంటున్నాను. మా మాస్టర్ నేర్పిన బెంగ్‌బు ఫామ్‌కీ, యూట్యూబ్‌లో హాంకాంగ్ వాళ్లు చేసేదానికీ పోలిక సగమే కుదురుతోంది. చైనాలో యాన్‌తాయ్ వాళ్లది ఇంకోలా ఉంది. ప్లమ్ బ్లాసమ్ మాంటిస్ వాళ్ల బెంగ్‌బు చూస్తే అసలు అదే ఫామేనా అని డౌటు. మా దాంట్లో మధ్యలో ఒక కిక్ ఉంది, నేను చూసిన వీడియోల్లో ఎక్కడా లేదు. ఏది ఒరిజినల్? మాది తప్పయితే మొదట్నుంచి మళ్లీ నేర్చుకోవాలా?"

కొత్తవాళ్లకి ఒక మాట: ఫామ్ అంటే ఒక వరసలో కూర్చిన మూవ్‌లు, బెంగ్‌బు మాంటిస్ కుంగ్‌ఫూలో అలాంటి ఒక ఫామ్. సెవెన్ స్టార్, ప్లమ్ బ్లాసమ్ ఆ మాంటిస్‌లోనే శాఖలు. ఇక చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, టెన్షన్ తగ్గుతుంది. మళ్లీ నేర్చుకోనక్కర్లేదు. మీది తప్పో ఒప్పో వీడియోలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే తేలేది కాదు. ఒరిజినల్ ఏదన్న దానికి మాంటిస్‌లో గట్టి జవాబు లేదు. ఉందని ఎవరైనా చెబితే వాళ్లు తమ గురువుగారి ఫామ్ గురించే చెబుతున్నారనుకోండి. తేడా కనబడిన ప్రతి చోటా ఒక్క ప్రశ్న వేసుకోండి: అక్కడ చేతులూ కాళ్లూ చేస్తున్న పని మారిందా, అదే పనిని వేరే తీరులో చేస్తున్నారా? తీరు మారితే నిద్ర పాడుచేసుకోవాల్సిన పని లేదు. పని మారినప్పుడే ఆగి ఆలోచించాలి.

నేను నేర్చుకున్నది హాంకాంగ్ నుంచి వచ్చిన సెవెన్ స్టార్, మలేషియాలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో. తర్వాత ప్లమ్ బ్లాసమ్ వాళ్లతో కలిసి చాలాకాలం ప్రాక్టీస్ చేశాను. నా మాటల్లో హాంకాంగ్ వైపు మొగ్గు కనిపిస్తే ఆ మేరకు తగ్గించుకుని చదవండి.

ముందు ఒక చిక్కు విడదీద్దాం. యూట్యూబ్‌లో మాంటిస్ అని కొడితే సదరన్ మాంటిస్ కూడా వచ్చి పడుతుంది. చౌ గార్, జూక్ లమ్ అని కనిపించేవి అవే. అవి గ్వాంగ్‌డాంగ్ వైపు హక్కా జనం చేసే విద్యలు. మోచేతులు ఒంటికి దగ్గరగా ఉంచి, బాగా దగ్గర్నుంచి కొట్టే పద్ధతి. పేరు కలిసింది తప్ప మన దానితో చుట్టరికం లేదు. ఫామ్‌లు ఒక్కటి కూడా కలవవు, వాటిని ఈ లెక్కలోకి తీసుకురాకండి. మనది చైనా తూర్పు తీరంలోని షాన్‌డాంగ్ ప్రావిన్స్‌లో పుట్టిన నార్తర్న్ మాంటిస్. ఇంకో చిన్న సంగతి: బెంగ్‌బునే కాంటనీస్ వాళ్లు బుంగ్ బో అంటారు. హాంకాంగ్ లైన్ వీడియోలు ఎక్కువగా ఆ పేరుతోనే దొరుకుతాయి.

వాంగ్ లాంగ్ కథ మీ క్లాసులో చెప్పే ఉంటారు. పోటీలో ఓడి దిగాలుపడి కూర్చున్నవాడు, మాంటిస్ పురుగు కీచురాయిని ఒడిసిపట్టడం చూసి ఈ విద్య తయారుచేశాడని. ఆయన సోంగ్ రాజుల కాలం వాడని కొన్ని శాఖలు అంటాయి, మింగ్ చివరా చింగ్ మొదలూ అని ఇంకొన్ని అంటాయి. మధ్యలో వందల ఏళ్ల తేడా. అంతకంటే ఆసక్తికరమైనది మాంటిస్ వాళ్ల పాత చేతిరాత ప్రతుల్లో కనిపించే ఒక పట్టిక. పద్దెనిమిది మంది వీరుల పేర్లు, ఒక్కొక్కరి పక్కన వారి ప్రత్యేకత. తైజు చక్రవర్తి లాంగ్ ఫిస్ట్‌తో మొదలై వాంగ్ లాంగ్ మాంటిస్‌తో ముగుస్తుంది. అందులో లిన్ చుంగ్, యన్ చింగ్ లాంటి వాళ్లు చైనా పాత నవలలోని పాత్రలు కాబట్టి దాన్ని చరిత్రగా తీసుకోలేం. కానీ ఒకటి చూడండి. మనం మాంటిస్‌కి ప్రాణం అనుకునే గౌ-లౌ-ఛాయ్ (కొక్కెం వేసి, పట్టుకుని, లాగే చేతుల వరస) ఆ పట్టికలో వాంగ్ లాంగ్ పేరు పక్కన లేదు, లియు షింగ్ అనే ఆయన పేరు పక్కన ఉంది. కోతి పద్ధతి సన్ హెంగ్ పేరు మీద ఉంది. అంటే ఇది నలుగురి దగ్గరా ఏరుకొచ్చి కూర్చిన విద్య అని దాన్ని చేసినవాళ్లే రాసిపెట్టుకున్నారు. అలాంటిదానికి ఒక్క 'ఒరిజినల్' అడిగితే ఎక్కడ దొరుకుతుంది?

కాస్త నమ్మకంగా మాట్లాడగలిగేది పందొమ్మిదో శతాబ్దం నుంచే. లియాంగ్ శ్యూషియాంగ్ అనే గురువు పరంపరలో మూల ఫామ్‌లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని: బెంగ్‌బు, లువాన్‌జియె, బాజౌ. వాటికి తోడు జైయావ్, అంటే ముఖ్యమైన దెబ్బలన్నీ ఏరి భాగాలు భాగాలుగా కూర్చిన ఫామ్. ఆ పరంపర జియాంగ్ హువాలుంగ్, హావ్ కుటుంబం లాంటి వాళ్ల ద్వారా పాకి, ఇవాళ ప్లమ్ బ్లాసమ్ అనీ, తైజీ మాంటిస్ అనీ, రెండూ కలిపి తైజీ ప్లమ్ బ్లాసమ్ అనీ రకరకాల బోర్డులు పెట్టుకుంది. లాయ్‌యాంగ్ ఊరు దానికి గుండెకాయ. జియాంగ్ శిష్యుల్లో లీ కున్‌షాన్, వాంగ్ యూషాన్, త్స్వీ షౌషాన్ అనే ముగ్గురిని అక్కడివాళ్లు 'లాయ్‌యాంగ్ మూడు కొండలు' అని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు.

మన సెవెన్ స్టార్ వేరే పాయ. వాంగ్ రుంగ్‌షెంగ్, ఆయన శిష్యుడు ఫాన్ శూదుంగ్, ఇద్దరిదీ యాన్‌తాయ్ వైపు. ఫాన్ భారీకాయుడు, అసాధారణమైన బలం ఉన్నవాడని పేరు. ఆయన శిష్యుల్లో పెంగ్‌లాయ్ నుంచి వచ్చిన లువో గ్వాంగ్‌యూ ఒకడు. షాంఘైలో 1910లో మొదలైన జింగ్‌వు అసోసియేషన్ ఉత్తరాది విద్యలు నేర్పడానికి మాస్టర్లను పిలిపించుకునేది. ఆ క్రమంలో 1919లో లువో అక్కడికి వెళ్లాడు. తర్వాత దక్షిణాదికి, హాంకాంగ్‌కి చేరి, 1944లో చనిపోయాడు. హాంకాంగ్, మలేషియా, సింగపూర్, అమెరికాల్లో ఇవాళ కనిపించే సెవెన్ స్టార్‌లో చాలా భాగం ఈ ఒక్క మనిషి చేతిమీదుగా వచ్చిందే. మీ మాస్టర్ లైన్ కూడా బహుశా అక్కడికే చేరుతుంది, అడిగి చూడండి. అదే ఫాన్ శూదుంగ్ దగ్గర నేర్చుకుని యాన్‌తాయ్‌లోనే ఉండిపోయిన లిన్ జింగ్‌షాన్ లాంటి వాళ్ల శిష్యులది మీరు చూసిన యాన్‌తాయ్ బెంగ్‌బు.

ఇప్పుడు మీ అనుమానం మళ్లీ చూసుకోండి. హాంకాంగ్‌ది సగం కలుస్తుంది, యాన్‌తాయ్‌ది ఇంకోలా ఉంది, ప్లమ్ బ్లాసమ్‌ది అసలు కలవదనిపిస్తోంది అన్నారు. కలవదు మరి. మొదటి రెండూ ఒకే గురువు దగ్గర్నుంచి వచ్చి వందేళ్ల కిందట విడిపోయినవి. మూడోది అంతకు చాలా ముందే వేరు పడింది. మీ కళ్లు సరిగ్గానే చూశాయి.

మనకిది కొత్త విషయమేం కాదు. ఒకే త్యాగరాజ కీర్తనకి వాలాజపేట శిష్యుల పాఠం ఒకటి, ఉమయాళ్పురం వాళ్లది ఒకటి, తిల్లైస్థానం వాళ్లది మరొకటి. సంగతులు మారతాయి, ఒక్కోసారి సాహిత్యంలో మాట కూడా మారుతుంది. అయినా పల్లవి అందుకోగానే ఏ కీర్తనో తెలిసిపోతుంది. బెంగ్‌బు విషయంలో ఆ పల్లవి లాంటిది ఏమిటో తెలుసుకుంటే మిగతా పాఠాంతరాలు భయపెట్టవు. నా లెక్కలో అది గౌ-లౌ-ఛాయ్, దాని వెంట వచ్చే గుద్దు, వాటిని మోసే అడుగు.

గౌ-లౌ-ఛాయ్‌ని కొంచెం దగ్గర్నుంచి చూద్దాం. ఎదుటివాడు కుడి చేత్తో నేరుగా గుద్దాడు. మీ ముందు చెయ్యి అతని మణికట్టు బయటివైపు తగిలి, కొక్కెంలా వంగి, ఆ గుద్దును గీత తప్పిస్తుంది. అది గౌ. మీ రెండో చెయ్యి వెళ్లి అతని మోచేతి దగ్గర పట్టుకుంటుంది, లౌ. మోచెయ్యి చిక్కింది కాబట్టి మొదటి చేతికి తీరిక దొరికింది. అది మణికట్టు మీద తిరగబడి పట్టుకుని, ఒంటి బరువంతా కలిపి ఒక్క కుదుపుతో కిందికి లాగుతుంది, ఛాయ్. అతని తల ముందుకు ఊగుతుంది, భుజం పడిపోతుంది, రెండో చేత్తో కొట్టే దారి మూసుకుపోతుంది. ఆ క్షణంలో మీ గుద్దు వెళ్లాలి. కొక్కెం చూడ్డానికి పురుగు ముంగాలిలా ఉందని అందరూ ఫొటోలు దిగుతారు గానీ, అసలు సత్తా మోచేతి దగ్గర పట్టిన రెండో చేతిలో ఉంది. అది లేకపోతే అతను చెయ్యి మడిచి వెనక్కి లాక్కుంటాడు, అంతే.

హాంకాంగ్ పాఠంలో ఈ మూడూ మూడు దెబ్బల్లా విడివిడిగా వినిపిస్తాయి. ఒకటి, రెండు, మూడు, ఆ తర్వాత స్టాన్స్ (నిలబడే భంగిమ) నిలబెట్టి గుద్దు. దీనికి జింగ్‌వు క్లాసులే కారణమని నా అభిప్రాయం. పదులమందిని వరసలో నిలబెట్టి, లెక్క చెబుతూ నేర్పేటప్పుడు ప్రతి మూవ్‌కీ ఒక ఆగే చోటు కావాలి. పెరట్లో ఒకరిద్దరు శిష్యులకి చేతులు పట్టుకుని నేర్పేవాడికి ఆ అవసరం లేదు. యాన్‌తాయ్ వాళ్లలో ఆ ఆగడం తక్కువ, ఒక మూవ్ తోక మీదే ఇంకోటి మొదలవుతుంది. ప్లమ్ బ్లాసమ్ వాళ్లయితే నేను చూసినంతలో మూడింటినీ ఒకే ఊపులో మింగేస్తారు. ఛాయ్ ఇంకా పూర్తికాకముందే గుద్దు వెళ్లిపోయి ఉంటుంది, కాళ్లు చిన్న చిన్న జరుగుళ్లతో వెంట వస్తాయి. మూడు వీడియోలూ పక్కపక్కన పెడితే మూడు వేర్వేరు ఫామ్‌ల్లా కనిపిస్తాయి. చేసే పని మాత్రం ఒక్కటే. ఇది తీరు తేడా.

పని మారితే ఎలా ఉంటుందో కూడా చెప్పాలి, ఎందుకంటే అది మన దగ్గర బాగా కనిపిస్తుంది. మన ఊళ్లలో చాలామంది మాస్టర్లు ముందు కరాటే నేర్చుకుని తర్వాత కుంగ్‌ఫూకి వచ్చినవాళ్లు. కరాటేలో గుద్దేటప్పుడు రెండో పిడికిలి నడుము దగ్గరికి లాక్కోవడం చిన్నప్పటి అలవాటు. ఆ అలవాటుతో ఛాయ్ చేస్తే చెయ్యి ఎదుటివాడి మణికట్టును కిందికి లాగడం మానేసి, ఖాళీగా నడుము దగ్గరికి వచ్చి కూర్చుంటుంది. మోచేతి దగ్గర ఉండాల్సిన చెయ్యి గాల్లో ఎక్కడో అలంకారంగా ఉంటుంది. బయటికి ఫామ్ చాలా నీట్‌గా, షార్ప్‌గా ఉంటుంది, గ్రేడింగ్‌లో మార్కులు కూడా పడతాయి. కానీ అక్కడ గౌ-లౌ-ఛాయ్ లేదు, ఒక బ్లాక్, ఒక పంచ్ ఉన్నాయి. దాన్ని 'మా లైన్ పాఠాంతరం' అని సమర్థించుకోకూడదు. మీ వీడియోలో ముందు ఇది చూసుకోండి.

స్టాన్స్ దగ్గరా ఇదే పరీక్ష. సెవెన్ స్టార్ స్టాన్స్‌లో ముందు కాలి మడమ నేల మీద, వేళ్లు పైకి, బరువు ఎక్కువగా వెనక కాలి మీద. ముందు కాలు ఎంత చాపాలి, మోకాలు ఎంత వంచాలి, నడుము ఎంత ముందుకు వాలాలి అన్న దానిమీద గంటలకొద్దీ వాదించుకునే వాళ్లను చూశాను. వాదన తెగదు, ఎందుకంటే పొడుగు మనిషికీ పొట్టి మనిషికీ ఒకేలా కుదరదు. ఆ కాలు చేసే పని ఏమిటంటే ఎదుటివాడి ముందు కాలి చీలమండ వెనక దూరి అడ్డం పడడం, పిక్కముందు ఎముక మీద నొక్కడం. పైన చేతులు కిందికి లాగుతుంటే కింద కాలు కదలకుండా చేస్తుంది, మనిషి కూలిపోతాడు. ముందు కాలి మీద బరువు లేకపోతేనే ఆ పని జరుగుతుంది. కాబట్టి చూడాల్సింది ఒక్కటే: స్టాన్స్‌లో ఉన్నప్పుడు ఎవరైనా మీ ముందు కాలు పట్టుకుని పైకెత్తితే ఊగిపోతారా? ఊగిపోకపోతే మోకాలు ఎంత వంగితే ఏం? ప్లమ్ బ్లాసమ్, తైజీ శాఖల వాళ్లు చాలా చోట్ల దీనికి బదులు రెండు మోకాళ్లూ వంచి వెనక మడమ లేపే స్టాన్స్ వాడతారు. అక్కడ పని నిజంగానే మారుతుంది. కాలు అడ్డం వేయడం పోయి, మీద పడి దూసుకుపోవడం వస్తుంది. ఇది పని మారిన తేడానే అయినా తప్పు కాదు, ఎందుకంటే ముందూ వెనకా ఉన్న మూవ్‌లన్నీ ఆ దూకుడుకి తగ్గట్టే కూర్చుకున్నారు. పని మారిన చోట ఆగి ఆలోచించమన్నది ఇందుకే. చుట్టుపక్కల మూవ్‌లు కూడా దానితో పాటు మారితే అది ఇంకో శాఖ. అవి మారకుండా ఒక్క ముక్క మాత్రమే మారితే ఎవరో మధ్యలో చెయ్యి పెట్టినట్టు.

ఆ చెయ్యి పెట్టడం రకరకాలుగా జరిగింది. లువో శిష్యుడు వొంగ్ హాన్ ఫన్ 1940, 50లలో హాంకాంగ్‌లో మాంటిస్ ఫామ్‌ల మీద వరసగా ఫొటోలతో పుస్తకాలు వేశాడు. బెంగ్‌బు మీద కూడా ఉంది. ఆయన చేసిన మేలు చిన్నది కాదు, చాలా ఫామ్‌లు మాసిపోకుండా నిలిచాయి. అయితే ఫొటో అన్నది మూవ్ పూర్తయిన తర్వాతి భంగిమను మాత్రమే చూపిస్తుంది. ఒక ఫొటో నుంచి ఇంకో ఫొటోకి ఎలా వెళ్లాలో గురువు లేకుండా చదివినవాడు తనే ఊహించుకోవాలి. ఆ ఊహల్లోంచి పుట్టిన పాఠాలు ప్రపంచమంతా ఉన్నాయి. వాటిని పట్టుకోవడం తేలిక: పోజులు అచ్చు గుద్దినట్టు ఉంటాయి, పోజుకీ పోజుకీ మధ్య మాత్రం అతుకు తెలిసిపోతుంది.

చైనాలో జరిగింది వేరు. 1966 నుంచి పదేళ్లపాటు సాగిన సాంస్కృతిక విప్లవంలో పాత విద్యలన్నీ అనుమానాస్పదమయ్యాయి, బహిరంగంగా నేర్పడం కష్టమైంది. మరోపక్క ప్రభుత్వ వుషు (చైనా యుద్ధవిద్యల) పోటీలు పెరిగేకొద్దీ జడ్జీల కంటికి ఆనే ఫామ్‌లకు గిరాకీ వచ్చింది. 1982లో జెట్ లీ తొలి సినిమాలో గురువు వేషం వేసిన యూ హాయ్ యాన్‌తాయ్ మనిషి, నేను పైన చెప్పిన లిన్ జింగ్‌షాన్ శిష్యుడు. ఆయన మాంటిస్ చూస్తే ముచ్చటేస్తుంది. మెడ తిప్పడం, మణికట్టు వణికించడం, కళ్లు, అంతా పురుగే. కానీ ఆయన్ని చూసి నేర్చుకున్న వాళ్లలో కొందరు ఆ వణుకు మాత్రమే తీసుకున్నారు. గెంతులు, నేల దాకా వంగడాలు, అక్కర్లేని చోట కొక్కెం పట్టిన చేతులు, పోటీ ఫామ్‌ల్లో ఇవన్నీ చూస్తారు. ఇది చెడిపోవడం అని నేననను, దాని పని ప్రేక్షకులకి చూపించడం. కాకపోతే మీ క్లాసు ఫామ్‌ని దానితో సరిపోల్చి బాధపడకండి. 2008లో లాయ్‌యాంగ్ మాంటిస్ చైనా జాతీయ సాంస్కృతిక వారసత్వ జాబితాలోకి ఎక్కాక పాత పాఠాలను వెలికితీసే ఆసక్తి పెరిగింది. లాయ్‌యాంగ్ ముసలివాళ్లు పల్లెటూరి వాకిట్లో చేసిన వీడియోలు దొరికితే వదలకండి. చూడ్డానికి అందంగా ఉండవు, చూడాల్సినవి అవే.

ఇక మీ కిక్. వీడియో చూడకుండా తీర్పు చెప్పలేను గానీ, ఎలా తేల్చుకోవాలో చెప్పగలను. మాంటిస్‌లో కిక్‌లు ఎక్కువగా నడుము కిందే ఉంటాయి, పైన చేతులు ఎదుటివాణ్ణి పట్టుకుని ఉన్నప్పుడే వస్తాయి. అతను మీ చేతిలో చిక్కి ఉన్నాడు కాబట్టే ఒంటికాలి మీద నిలబడే ధైర్యం. మీ ఫామ్‌లో కిక్ వేసే క్షణంలో చేతులు ఏం చేస్తున్నాయి? ఛాయ్ చేసిన చేతులు అలాగే కిందికి లాగి పట్టి ఉండగా మోకాలి ఎత్తులో కిక్ వెళ్లి, ఆ కాలు దిగిన చోటే తర్వాతి స్టాన్స్‌కి కావాల్సిన చోటయితే, అది మీ లైన్‌లో ఎవరో తెలిసినవాడు పెట్టినదే. సెవెన్ స్టార్ స్టాన్స్‌లో అడ్డం పడే కాలు, చిన్న కిక్ నిజానికి ఒకదాని పక్కన ఒకటి ఉండేవే. ఒక గురువు దాచినదాన్ని ఇంకో గురువు బయటపెట్టి ఉండొచ్చు. అలా కాకుండా చేతులు రెండూ ఖాళీగా ఉండి, కాలు తల ఎత్తుకి లేచి, దిగాక ఒక అదనపు అడుగు వేసి సర్దుకుంటే తప్ప తర్వాతి మూవ్ కుదరకపోతే, అది డెమో కోసం వచ్చింది. ఆ అదనపు అడుగే సాక్ష్యం.

దీన్ని ఒంటరిగా తేల్చుకోలేరు, పార్ట్‌నర్ కావాలి. హాంకాంగ్ సెవెన్ స్టార్‌లో ఇందుకే బెంగ్‌బుకి జంట ఫామ్ ఉంది, లింగ్ బెంగ్‌బు అంటారు. ఒకరు మామూలుగా బెంగ్‌బు చేస్తుంటే, రెండోవాళ్లు ప్రతి మూవ్‌కీ సరిపోయే దాడి అందిస్తూ పోతారు. మీ మాస్టర్‌కి అది వస్తే, బతిమాలైనా నేర్చుకోండి. ఇంకో పది ఫామ్‌లు నేర్చుకోవడం కంటే ఇది మేలు. రాకపోతే మీరే ఒక ముక్క తీసుకుని, స్నేహితుణ్ణి మెల్లగా గుద్దమని చెప్పి చేసి చూడండి. హాంకాంగ్ తీరులో ఒకసారి, ప్లమ్ బ్లాసమ్ తీరులో ఒకసారి. మెల్లగా గుద్దినంతసేపూ హాంకాంగ్‌ది హాయిగా పనిచేస్తుంది. మోచెయ్యి ఎక్కడ దొరుకుతుందో, లాగితే ఒళ్లు ఎటు ఊగుతుందో స్పష్టంగా తెలుస్తుంది. స్పీడ్ పెంచి, వరసగా రెండు గుద్దులు వేయమనండి. అప్పుడు మూడు లెక్కలకి టైమ్ ఉండదు, మీ చేతులు వాటంతట అవే కుదించుకుని ప్లమ్ బ్లాసమ్ వాళ్లలా మారతాయి. నేను ప్లమ్ బ్లాసమ్ వాళ్లతో చేయడం మొదలుపెట్టాక నా బెంగ్‌బు ఒక్క మూవ్ కూడా మారలేదు, ఆగే చోట్లు మాత్రం తగ్గిపోయాయి.

మిగతా శాఖల గురించి రెండు ముక్కలు. సిక్స్ హార్మనీ మాంటిస్ లుంగ్‌కౌ వైపుది, దింగ్ జిచెంగ్ పేరుతో ప్రసిద్ధి. వాళ్ల మూల ఫామ్‌లు వేరే: దువాన్‌చుయ్, షువాంగ్‌ఫెంగ్, తియెత్సీ వగైరా. చేతులు మెత్తగా ఉంటాయి, కొక్కెం అంత కనబడదు. వాళ్ల మూల ఫామ్‌ల్లో బెంగ్‌బు వెతికి లాభం లేదు. ఎయిట్ స్టెప్ మాంటిస్ అనే శాఖ జియాంగ్ హువాలుంగ్ తరంలో రూపుదిద్దుకుంది. 1949 తర్వాత తైవాన్‌లో వెయ్ షియావ్‌తాంగ్ దాన్ని నిలబెట్టాడు. అడుగుల కోసం చూడదగ్గది. హాంకాంగ్‌లోనే చియు చుక్ కాయ్ తెచ్చిన తైజీ మాంటిస్ ఉంది. అది సెవెన్ స్టార్ కాదు, వీడియో కింద హాంకాంగ్ మాంటిస్ అని మాత్రమే రాసి ఉంటే ఈ రెండూ కలిసిపోతాయి. మీరు పోల్చుకున్న హాంకాంగ్ వీడియో ఇందులో ఏదో ఒకసారి చూసుకోండి.

మీరు అడగలేదు గానీ, ఇన్ని పాఠాలు చూశాక అందరికీ వచ్చే ఆశ ఒకటుంది: అన్నీ నేర్చేసుకుందామని. హాంకాంగ్ లైన్‌లో ఫామ్‌ల పట్టిక చూస్తే కళ్లు తిరుగుతాయి. లియాంగ్ పరంపర వాళ్లు గుప్పెడు ఫామ్‌లు, జైయావ్‌తో సరిపెట్టుకున్నారు. ఫామ్‌లు ఎక్కువైతే ఫీజులూ ఎక్కువవుతాయన్న లెక్క కొన్ని చోట్ల లేకపోలేదు, అది పక్కన పెడదాం. మీ స్టేజ్‌లో రెండో బెంగ్‌బు నేర్చుకుంటే రెండూ కలగాపులగం అవుతాయి. చెయ్యి ఒక దానిదీ, కాలు ఇంకో దానిదీ వస్తుంది. మీ మాస్టర్ పాఠమే ఉంచుకోండి. ఏదైనా మూవ్ అర్థం కాని చోట మాత్రం యాన్‌తాయ్ వాళ్లు, ప్లమ్ బ్లాసమ్ వాళ్లు అక్కడ ఏం చేస్తున్నారో చూడండి. మనం కుదించేసిన మూవ్‌ని ఇంకొకరు విప్పి చేస్తుంటారు. లాన్‌జియె అనే ఇంకో ఫామ్ నేర్చుకునేటప్పుడు నాకు పట్టుబడని ఒక మలుపు, యాన్‌తాయ్ పాఠంలో అదనంగా ఉన్న ఒక అరడుగు చూశాక పట్టుబడింది. ఆ అరడుగు నా ఫామ్‌లోకి తెచ్చుకోలేదు, దాని అర్థం మాత్రం తెచ్చుకున్నాను.

ఈ సంగతులు మీ మాస్టర్‌తో మాట్లాడేటప్పుడు కొంచెం చూసుకుని మాట్లాడండి. 'యూట్యూబ్‌లో ఇలా లేదు సార్' అంటే ఏ మాస్టరైనా చిరాకు పడతారు. 'సార్, ఈ కిక్ అప్పుడు చేతులు ఏం పట్టుకుని ఉంటాయి, ఒకసారి నా మీద చేసి చూపిస్తారా' అని అడగండి. ఆయన మీ మీద చేసి చూపించే తీరులోనే చాలావరకు తెలిసిపోతుంది.

కుదిరితే మీ బెంగ్‌బు వీడియో ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, మ్యూజిక్ లేకుండా తీసి పెట్టండి. మీ మాస్టర్ ఎవరి దగ్గర, ఏ దేశంలో నేర్చుకున్నారో తెలిస్తే అది కూడా రాయండి, పేరు అక్కర్లేదు. కిక్‌కి ముందు మూడు మూవ్‌లు, తర్వాత మూడు మూవ్‌లు చూస్తే ఆ కిక్ ఏ పాయ నుంచి వచ్చి ఉంటుందో చెప్పడానికి ప్రయత్నిస్తాను.